ఆడే పిల్లల ఆరోగ్య వివరాలు: ఫారం సులువుగా ఉంటేనే నిజం రాయగలరు

కిందటి వానాకాలంలో ఒక సోమవారం ఉదయం మన ఆసుపత్రి ఓపీకి అశోక్‌నగర్ నుండి ఒక తల్లి, ఆమె కూతురు వచ్చారు. అమ్మాయికి వారం రోజులుగా దగ్గు. రాత్రి పడుకుంటే మరీ ఎక్కువ. కౌంటరులో పేరు, వయస్సు, చిరునామా, ఫోను నంబరు రాసుకుని చీటీ ఇచ్చారు. నర్సమ్మ బరువు, జ్వరం చూసి చీటీ మీద వేసింది. డాక్టరుగారు గుండె, ఊపిరితిత్తులు పరీక్షించి, భయపడవలసినదేమీ లేదని చెప్పి ఒక దగ్గు మందు రాశారు. నారాయణగూడ చౌరస్తా దగ్గర సీసా కొనుక్కుని తల్లీకూతుళ్లు ఇంటికి వెళ్లారు.

ఆ అమ్మాయి పరుగు పందేల్లో పాల్గొంటుంది. ఆ నెలాఖరులోనే జాతీయ పోటీలు. సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్తూ సీసాను సంచిలో వేసుకుంది. గ్రౌండులో కోచ్ దాని మీది లేబుల్ చదివి, "ఇది తాగావా?" అని అడిగారు. ఇంకా తాగలేదు. అందులో టెర్బ్యుటాలిన్ ఉంది. శ్వాస నాళాలను వదులు చేసే మందు అది. మామూలు రోగికి మంచిదే. పోటీల్లో ఆడేవారికి మాత్రం, ముందుగా అనుమతి లేకపోతే, నిషిద్ధం.

మర్నాడు తల్లి ఆ సీసాతో తిరిగి వచ్చింది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. "పరుగు సంగతి మీరు అడగలేదు, మేము చెప్పలేదు. చెప్పాలని మాకేం తెలుసు డాక్టరుగారూ?" అంది.

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. మేము మన ఓపీ చీటీని తీసి చూసుకున్నాము. తండ్రి పేరుకు గడి ఉంది. పిన్ కోడుకు గడి ఉంది. "మీరు పోటీల్లో ఆడుతున్నారా?" అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. అడగని ప్రశ్నకు జవాబు ఎలా వస్తుంది? ఆటగాళ్లు తమ ఆరోగ్య వివరాలు తెలియజేసే ఫారాలు, కంప్యూటరు పద్ధతులు ఎలా ఉన్నాయి, వాటిని నింపడం ఎందుకు కష్టమవుతోంది, కుటుంబాలు ఏమి చేయవచ్చు అన్న విషయాలు ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము.

ఇది మనకు సంబంధించిన విషయమేనా?

"మా ఇంట్లో ఒలింపిక్స్‌కు వెళ్లేవారెవరూ లేరు" అని మీరు అనవచ్చు. కాని మన చుట్టుపక్కలే చూడండి. నారాయణగూడ వై.ఎం.సి.ఎ. కోర్టులో సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలున్నారు. దోమలగూడ వ్యాయామ విద్యా కళాశాలలో చదివేవారున్నారు. చిక్కడపల్లి సందుల్లో అద్దె గదుల్లో ఉంటూ క్రీడాకారుల కోటాలో ఉద్యోగం వస్తుందని ఆశతో ఆడే యువకులున్నారు. జాతీయ స్థాయి పోటీలకు, ఖేలో ఇండియా క్రీడలకు ఎంపికైన రోజు నుండి మూత్ర పరీక్షకో, రక్త పరీక్షకో పిలుపు రావచ్చు. పతకం వచ్చినా రాకపోయినా ఆ పిలుపు వస్తుంది.

ఈ పరీక్షల నియమం ఒకటే. శరీరంలో దొరికిన ప్రతి పదార్థానికి ఆ ఆటగాడే బాధ్యుడు. "డాక్టరు రాశారు", "అమ్మ ఇచ్చింది", "షాపులో ఇదే మంచిదన్నారు" అనే మాటలు శిక్షను తగ్గించవచ్చునేమో గాని నేరం లేకుండా చేయవు.

2019లో జరిగిన ఒక సంఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. క్రికెట్ ఆటగాడు పృథ్వీ షాకు అప్పటికి పందొమ్మిదేళ్లు. ఫిబ్రవరి 22న ఇండోరులో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ మ్యాచ్ సమయంలో అతని మూత్రం పరీక్షించగా టెర్బ్యుటాలిన్ కనిపించింది. దగ్గు కోసం తెలియక ఒక సిరప్ తాగానని అతను చెప్పాడు. క్రికెట్ బోర్డు ఆ మాటను అంగీకరించింది. అయినా ఎనిమిది నెలల నిషేధం తప్పలేదు. మన అశోక్‌నగర్ అమ్మాయి సంచిలో ఉన్నదీ అదే పదార్థం.

ఆటగాళ్లు తెలియజేయవలసినవి మూడు

మొదటిది, ఏ మందు వాడుతున్నారు అన్నది. జబ్బు ఉండి నిషిద్ధ మందు తప్పనిసరి అయితే దానికి ముందుగా అనుమతి కోరాలి. దీనిని చికిత్స కోసం ఇచ్చే మినహాయింపు అంటారు. క్రీడాకారులు పొట్టిగా టీయూఈ అని పిలుస్తారు.

రెండవది, ఎక్కడ ఉన్నారు అన్నది. ఇది అందరికీ కాదు. పైస్థాయి ఆటగాళ్లలో కొందరిని ఒక ప్రత్యేక జాబితాలో చేరుస్తారు. వారు మూడు నెలలకు ఒకసారి, రాబోయే ప్రతిరోజూ రాత్రి ఎక్కడ పడుకుంటారో, ఎక్కడ ప్రాక్టీసు చేస్తారో రాసి ఇవ్వాలి. ఉదయం 5 నుండి రాత్రి 11 లోపల ఏదైనా ఒక గంట చెప్పి, ఆ గంటసేపు చెప్పిన చోట తప్పక ఉండాలి.

మూడవది, శరీరం ఎలా ఉంది అన్నది. నొప్పి, నిద్ర, అలసట, జ్వరం వంటివి. ఇవి నిషేధానికి సంబంధించినవి కావు. గాయం ముదరకముందే తెలుసుకోవడానికి జట్టు డాక్టర్లు, కోచ్‌లు అడిగేవి.

పూర్వం ఇవన్నీ కాగితం మీద జరిగేవి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అనగా వాడా, 1999లో ఏర్పడింది. అది 2005లో ఆడమ్స్ అనే కంప్యూటరు పద్ధతిని తెచ్చింది. ఆటగాడు ఎక్కడ ఉన్నాడన్నది, మందుల మినహాయింపు కాగితాలు, పరీక్షల ఫలితాలు అన్నీ అందులోనే ఉంటాయి. మన దేశంలో నాడా అనే సంస్థ కూడా 2005లోనే ఏర్పడింది. మన ఆటగాళ్లకు ఆ సంస్థే అధికారం గలది. 2022లో దీని కోసం పార్లమెంటు ఒక చట్టం కూడా చేసింది.

కంప్యూటరు వచ్చాక పని సులువు కావాలి కదా! కొంత అయింది. కొంత మాత్రం కాలేదు.

పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయినవారు

2020 జూన్‌లో మన దేశంలోని పేరున్న ఐదుగురు క్రికెటర్లకు నాడా నోటీసులు పంపింది. వారు ఎక్కడ ఉన్నారన్న వివరాలు గడువులోగా ఆడమ్స్‌లో చేరలేదు. క్రికెట్ బోర్డు ఇచ్చిన వివరణ ఏమిటంటే, పాస్‌వర్డ్‌కు సంబంధించిన చిక్కు వచ్చింది అని. ఆ ఐదుగురికీ సిబ్బంది ఉన్నారు, వెనుక పెద్ద బోర్డు ఉంది, మంచి ఫోన్లున్నాయి. అయినా పని అక్కడ ఆగింది. పల్లె నుండి వచ్చి హాస్టలులో ఉండే కుస్తీ కుర్రాడి సంగతి ఇక వేరే చెప్పాలా?

అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే మన బిడ్డలకు ఈ బాధ బాగా తెలుసు. దరఖాస్తు చివరి రోజున సర్వర్ తిరుగుతూనే ఉంటుంది. ఓటీపీ రాదు. ఫోటో సైజు ఎక్కువైందని ఫారం తిప్పి కొడుతుంది. ఇంటర్నెట్ సెంటరు ముందు క్యూ కడతారు. ఆ దరఖాస్తు ఏడాదికి ఒకటో రెండో సార్లు. జాబితాలో ఉన్న ఆటగాడికి ఈ పని ఏడాది పొడుగునా ఉంటుంది. ఊరు మారినా, రైలు ఆలస్యమైనా, అత్తగారింట్లో ఒక రాత్రి ఎక్కువ ఉన్నా వెంటనే మార్పు రాయాలి.

తప్పితే ఏమవుతుంది? పన్నెండు నెలల్లో మూడుసార్లు వివరాలు ఇవ్వకపోయినా, చెప్పిన గంటలో చెప్పిన చోట లేకపోయినా అది డోపింగ్ నేరంతో సమానం. ఒక్క నిషిద్ధ మందు ముట్టకపోయినా సరే. అమెరికా పరుగు వీరుడు క్రిస్టియన్ కోల్‌మన్ 2019 డిసెంబరు 9న తాను చెప్పిన గంటలో ఇంట్లో లేడు. దగ్గరలోనే క్రిస్మస్ సామాన్లు కొంటున్నానన్నాడు. అది అతని లెక్కలో మూడవ తప్పు. రెండేళ్ల నిషేధం పడింది. అప్పీలులో దానిని 18 నెలలకు తగ్గించారు. అయినా టోక్యో ఒలింపిక్స్ పోయింది.

నియమం ఉండకూడదని మేము అనడం లేదు. చెప్పకుండా వచ్చి పరీక్షించకపోతే మోసం చేసేవారు దొరకరు. నిజాయితీగా ఆడే పిల్లలకు ఆ నియమమే రక్షణ. మేము చెప్పేది మరొకటి. ఫారం కష్టంగా ఉంటే, మరచిపోయినవాడూ దాచినవాడూ ఒకేలా కనిపిస్తారు. ఫారం సులువుగా ఉన్నప్పుడే ఆ ఇద్దరినీ విడదీసి చూడగలం.

మంచి ఫారం ఎలా ఉండాలి?

ఆటగాళ్ల ఫారమైనా, ఆసుపత్రి చీటీ అయినా ఈ ఐదు గుణాలు చూసుకోవాలి.

1. చెప్పిన సంగతినే మళ్లీ మళ్లీ అడగరాదు. జట్టు డాక్టరుకొకసారి, అకాడమీకొకసారి, సంఘానికొకసారి రాసి విసిగిన పిల్లవాడు నాలుగోసారి ఏదో ఒకటి రాసేస్తాడు.

2. చేతిలో ఉన్న మామూలు ఫోనులో, నెట్ సరిగా లేని చోట కూడా పని చేయాలి.

3. తెలిసిన మాటల్లో అడగాలి. మన తెలుగు పిల్లలు ఈ ఫారాలను ఇంగ్లీషులోనే నింపుతూ వస్తున్నారు. "తిమ్మిరి", "పోటు", "సలుపు", "మంట" అనే నాలుగు వేర్వేరు బాధలు ఇంగ్లీషు ఫారంలోకి వెళ్లేసరికి ఒక్క "పెయిన్" అయిపోతాయి. డాక్టరుకు ఆ తేడాయే ముఖ్యం.

4. తప్పు రాస్తే దిద్దుకోనివ్వాలి. గడువు దగ్గర పడుతోందని ముందుగా గుర్తు చేయాలి.

5. జవాబు రావాలి. ఇది అన్నిటికంటే పెద్దది. రోజూ ఉదయం నిద్ర ఎంత, అలసట ఎంత అని ఫోను అడుగుతుంది. పిల్లవాడు నొక్కుతాడు. ఎవరూ పట్టించుకోరు. పది రోజులయ్యాక అతడు చూడకుండానే అన్నిటికీ ఒకే అంకె నొక్కుతాడు. లెక్కలు చూస్తే నిండుగా ఉంటాయి గాని అందులో నిజం ఉండదు.

నాలుగు ప్రశ్నలతో ఏమి తెలిసింది?

పొట్టి ఫారం వల్ల ఎంత మేలో నార్వే దేశపు డాక్టర్లు 2013లో చూపించారు. వారు ఐదు రకాల ఆటలకు చెందిన 313 మందిని మూడు నెలలపాటు వారం వారం ఈమెయిలు ద్వారా అడిగారు. మోకాలు, భుజం, నడుము వంటి ఒక్కొక్క భాగానికి నాలుగే ప్రశ్నలు. ఆడడంలో ఇబ్బంది పడ్డారా? ప్రాక్టీసు తగ్గించుకోవలసి వచ్చిందా? ఆట దెబ్బతిన్నదా? నొప్పి ఎంత ఉంది?

పాత పద్ధతిలో లెక్క కడితే ఎక్కువ వాడకం వల్ల వచ్చిన గాయాలు 40 మాత్రమే తేలాయి. ఈ నాలుగు ప్రశ్నలతో 419 బాధలు బయటపడ్డాయి. తేడా ఎందుకు వచ్చింది? పాత పద్ధతిలో ఆట మానుకుంటేనో, డాక్టరు దగ్గరకు వెళితేనో అది గాయం. నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకుని ఆడేవారు ఆ లెక్కలోకి రానేరారు.

మన ఇళ్లల్లోనూ అదే జరుగుతుంది. పిల్లవాడు కుంటుతూ ఇంటికి వస్తాడు. "ఏం లేదు నాన్నా, చిన్న దెబ్బ" అంటాడు. చెబితే టీములోంచి తీసేస్తారని భయం. అందువల్ల "నొప్పి ఉందా?" అని అడగకండి. "ఈ వారం ప్రాక్టీసు ఏమైనా తగ్గించుకున్నావా?" అని అడగండి. రెండవ ప్రశ్నకు నిజం త్వరగా వస్తుంది.

మన ఇళ్లల్లో తరచు వాడే మందులు

మందుల పట్టిక ప్రతి జనవరి 1న మారుతుంది. కాబట్టి కింద చెప్పినవి చూసి మీకు మీరే నిర్ణయం తీసుకోవద్దు. డాక్టరును అడగడానికి మాత్రమే ఇవి పనికి వస్తాయి.

దగ్గు మందులు: టెర్బ్యుటాలిన్ కలిసినవి మన దగ్గర చాలా పేర్లతో అమ్ముతారు. అది లేని దగ్గు మందులూ ఉన్నాయి. జలుబు బిళ్లల్లో ఉండే సూడోఎఫెడ్రిన్‌కు కూడా పోటీ రోజుల్లో హద్దు ఉంది.

ఉబ్బసం పంపు: సాల్‌బ్యుటమాల్ పీల్చవచ్చు గాని హద్దు ఉంది. 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, అందులోనూ ఏ 8 గంటల్లోనైనా 600 మించరాదు. సాధారణంగా ఒక పఫ్‌లో 100 ఉంటుంది. అనగా 8 గంటల్లో ఆరు పఫ్‌లు. నెబ్యులైజర్ పెడితే ఈ హద్దు దాటవచ్చు. అప్పుడు మినహాయింపు కోసం రాయాలి.

సెలైన్: నీరసంగా ఉందని ఒక బాటిల్ ఎక్కించుకోవడం మనకు అలవాటు. పోటీల్లో ఆడేవారికి 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరం ద్వారా ఎక్కించడం నిషిద్ధం. ఆసుపత్రిలో నిజమైన చికిత్సకు, ఆపరేషనుకు, వైద్య పరీక్షకు అవసరమైతే మాత్రం వేరు. బలం కోసం ఎక్కించే బాటిల్‌కు ఈ వెసులుబాటు లేదు.

స్టెరాయిడ్ ఇంజెక్షను: మోకాలి నొప్పికి, భుజం నొప్పికి కీలులో వేసేవి కూడా 2022 నుండి పోటీ సమయంలో నిషిద్ధమే. పోటీ సమయం అంటే ముందు రోజు రాత్రి 11 గంటల 59 నిమిషాల నుండి లెక్క. మందును బట్టి, వేసిన తీరును బట్టి 3 రోజుల నుండి 60 రోజుల వరకు ముందుగానే ఆపవలసి రావచ్చు. చర్మానికి రాసే మలాము, ఉబ్బసానికి పీల్చేది అయితే అభ్యంతరం లేదు.

ట్రమడాల్: ఈ నొప్పి మందు 2024 జనవరి నుండి పోటీ సమయంలో నిషిద్ధం.

ఇన్సులిన్, మూత్రం ఎక్కువ చేసే బిళ్లలు: ఇవి ఎల్లప్పుడూ నిషిద్ధమే. పోటీల్లో ఆడే షుగరు రోగి ఇన్సులిన్ కోసం మినహాయింపు పొందాలి. పొందడం సాధ్యమే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పోటీ ఉందని ఉబ్బసం పంపును, ఇన్సులిన్‌ను, మూర్ఛ బిళ్లలను మీ అంతట మీరు ఆపవద్దు. ఏ పతకమూ ప్రాణం కంటే విలువైనది కాదు. మినహాయింపు అనే పద్ధతి ఉన్నదే అందుకు.

అత్యవసరమైతే చికిత్స ముందు, కాగితం తరువాత. 2014 జూలైలో గుంటూరు జిల్లాకు చెందిన బాడ్మింటన్ ఆటగాడు కిదాంబి శ్రీకాంత్ హైదరాబాదులో అకస్మాత్తుగా స్పృహ తప్పి పడిపోయారు. మెదడు జ్వరమని ఐసీయూలో ఉంచి చికిత్స చేశారు. అదే ఏడాది నవంబరులో చైనా ఓపెన్ ఫైనలులో ఆయన లిన్ డాన్‌ను ఓడించారు. అటువంటి వేళ ఏ తల్లిదండ్రులూ పట్టిక వెతుకుతూ కూర్చోరాదు. ప్రాణాపాయ సమయంలో నిషిద్ధ మందు ఇవ్వవలసి వస్తే తరువాత దరఖాస్తు చేసుకునే వీలు నియమాల్లోనే ఉంది. డిశ్చార్జి కాగితాలు, మందుల చార్టు జాగ్రత్త చేస్తే చాలు.

మినహాయింపు ఫారం: డాక్టర్లకు కూడా పరీక్షే

ఈ ఫారంలో కొంత ఆటగాడు, కొంత డాక్టరు నింపాలి. జబ్బు ఏమిటి, ఏ పరీక్షలతో తేల్చారు, ఏ మోతాదు, ఎన్నాళ్లు, నిషిద్ధం కాని వేరే మందు ఎందుకు చాలదు అన్నవి రాయాలి. టైపు చేయాలి, లేదా పెద్ద అక్షరాల్లో రాయాలి. చదవడానికి వీలు లేనివి, సగం నింపినవి తిప్పి పంపుతారు. మా డాక్టర్ల చేతిరాత గురించి మీరు ఏమనుకుంటారో మాకు తెలుసు. కాబట్టి మొహమాటపడక, "టైపు చేసి ఇవ్వండి" అని అడగండి.

పోటీకి కనీసం 30 రోజుల ముందు పంపాలి. అన్నీ సక్రమంగా ఉంటే సాధారణంగా 21 రోజుల్లో నిర్ణయం వస్తుంది. జాతీయ స్థాయి వారు నాడాకు, అంతర్జాతీయ స్థాయి వారు తమ ఆట ప్రపంచ సంఘానికి పంపాలి.

నాడా వారు "నో యువర్ మెడిసిన్" అనే యాప్‌ను కూడా తెచ్చారు. మందు పేరు టైపు చేసి గాని, బొమ్మ చూపి గాని, నోటితో పలికి గాని వెతకవచ్చు. స్పెల్లింగు రానివారికి ఇది మేలైన మార్పు. ఫారం మనిషి దగ్గరకు రావాలి అంటే ఇదే. ఎక్కడ ఉన్నారన్న వివరాలు నింపడం రానివారు, నెట్ లేనివారు తమ క్రీడా సంఘం చేత నింపించుకోవచ్చు. కాని నింపారో లేదో చూసుకునే బాధ్యత ఆటగాడిదే.

మన వివరాలు ఎవరు చూస్తారు?

ఇది న్యాయమైన ప్రశ్న. 2009లో మన క్రికెటర్లు ఎక్కడ ఉన్నారో చెప్పే నియమానికి ఒప్పుకోకపోవడానికి భద్రత, సొంత జీవితం అనేవే కారణాలుగా చెప్పారు. క్రికెట్ బోర్డు నాడా పరిధిలోకి రావడానికి 2019 ఆగస్టు వరకు పట్టింది.

ఆ భయం ఉత్త భయం కాదు. 2016 రియో ఒలింపిక్స్ తరువాత దొంగలు కొందరు ఆడమ్స్‌లో చొరబడి ఆటగాళ్ల మినహాయింపు కాగితాలను బయటపెట్టారు. ఏ తప్పూ చేయనివారి జబ్బులు, మందులు లోకమంతా చదివింది. నమ్మించే ఈమెయిళ్లు పంపి పాస్‌వర్డ్ రాబట్టడమే ఆ దొంగల ఉపాయం. కాబట్టి పాస్‌వర్డ్‌ను స్నేహితులకు గాని, ఫోనులో అడిగే కొత్తవారికి గాని చెప్పవద్దు. ఇంటర్నెట్ సెంటరులో ఫారం నింపితే లాగౌట్ చేసి లేవండి. ఆడపిల్లలు రాత్రి ఎక్కడ ఉంటారన్న వివరం అందులో ఉంటుందని మరవవద్దు.

కుటుంబాలు చేయగలిగినవి

1. డాక్టరు దగ్గర, మందుల షాపులో, పళ్ల డాక్టరు దగ్గర కూడా మొదటి మాటగా "మా బిడ్డ పోటీల్లో ఆడుతుంది, ఫలానా రోజున పోటీ ఉంది" అని చెప్పండి.

2. ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. తేదీ, మందు పేరు, ఎంత, ఎవరు రాశారు అని నాలుగు గళ్లు చాలు. పరీక్ష రోజున గత ఏడు రోజుల్లో వాడిన మందులు, విటమిన్లు అడుగుతారు. అప్పుడు ఈ పుస్తకమే ఆధారం. అయితే రాసినంత మాత్రాన నిషిద్ధ మందుకు అనుమతి వచ్చినట్లు కాదు.

3. ఆయుర్వేద లేహ్యాలు, జిమ్‌లో ఇచ్చే పొడులు కూడా మందులే అనుకోండి. డబ్బా మీద రాయనివి లోపల ఉండవచ్చు.

4. జాబితాలో ఉన్నవారైతే ఆ గంటను తెల్లవారుజామున, ఇంట్లో నిద్రలేచే వేళకు పెట్టుకోండి. ఆదివారం ఆరాధనకు వెళ్లేవారికి కూడా ఇదే సులువు. ఊరు వెళ్లాల్సి వస్తే ఆ గంట మొదలు కాకముందే మార్చండి. ఇంట్లో ఎవరో ఒకరు గడువు తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టండి.

5. ఇంట్లో డోర్‌బెల్ పని చేస్తోందా చూడండి. నవ్వులాటకు అనడం లేదు. అధికారి వచ్చి తలుపు కొట్టి వెళ్లిపోతే అది ఆటగాడి తప్పు కిందకే రావచ్చు.

మేము ఏమి చేశాము?

మన ఓపీ చీటీలో ఒక వరుస చేర్చాము. తెలుగులో, పెద్ద అక్షరాల్లో: "మీరు పోటీల్లో ఆడుతున్నారా? ఏ ఆట? తరువాతి పోటీ ఎప్పుడు?" దానికి చోటు కోసం, ఎవరూ ఎప్పుడూ నింపని రెండు గళ్లను తీసివేశాము. మొదటి వారం ఇందిరా పార్కులో నడిచే ఒక పెద్దాయన "క్యారమ్స్, రోజూ" అని రాయించారు. కౌంటరులో అందరూ నవ్వుకున్నారు. కాని రెండవ వారంలో మోకాలి నొప్పితో వచ్చిన ఒక కాలేజీ కుర్రాడు తనకు పది రోజుల్లో కబడ్డీ పోటీ ఉందని అక్కడ రాశాడు. ఇంజెక్షను వేయబోయిన డాక్టరుగారు ఆ వరుస చదివి ఆగారు. వేరే చికిత్స మొదలుపెట్టారు.

అశోక్‌నగర్ అమ్మాయికి అప్పుడే మందు మార్చి రాశాము. దగ్గు తగ్గింది. పోటీకి వెళ్లి వచ్చింది. పోయిన నెల వేరే పని మీద ఆసుపత్రికి వచ్చినప్పుడు బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టింది. నాలుగు గళ్లు గీసి ఉన్నాయి. ఆ దగ్గు మందు పేరు మొదటి వరుసలో ఉంది, దాని పక్కన "తాగలేదు" అని తల్లి చేతిరాతలో ఉంది.

మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే ఈసారి ఓపీకి వచ్చినప్పుడు అటువంటి పుస్తకం ఒకటి వెంట తెండి. మేము అడగడం మరచిపోతే, మీరే చూపించండి.